మతబోధయు మతాంతరీకరణమును

మతము మార్చుట యను మాట వినినంతనే మన యిండ్లలో కంఠస్వరములు హెచ్చును. ఒకరు దానిని ఆత్మోద్ధరణ మందురు; ఒకరు దొంగతన మందురు. ఈ పాఠశాలలో హిందువుల బిడ్డలును, మహమ్మదీయుల బిడ్డలును, క్రైస్తవుల బిడ్డలును ఒక్క బల్లమీద కూర్చుండి చదువుకొనుచున్నారు. కావున ఈ విషయమున ఉపాధ్యాయుడు మౌనము వహించుటకంటె తన యభిప్రాయమును తేటగా చెప్పుటయే తలిదండ్రులయెడ న్యాయమని నాకు తోచుచున్నది. నేను క్రైస్తవుడను. ఆ సంగతి మనస్సునం దుంచుకొనియే చదువరులు నా మాటలను తూచవలెను.

మతప్రచారము పరదేశీయులు ఓడలమీద తెచ్చిన వస్తువని కొందరు తలంతురు. అది సరికాదు. కృష్ణాతీరమున అమరావతియు నాగార్జునకొండయు ఎట్లు వెలసినవి? తమ ధర్మమును పరులకు వినిపింపవలెనని దేశములు తిరిగిన బౌద్ధభిక్షువుల వలననే గదా! 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో రచించినది సామాన్యజనులు వినవలెననియే. తాను సత్యమని నమ్మినదానిని పొరుగువానికి చెప్పగోరుట మనుష్యస్వభావము. మా అత్తాపూరులో రాంబాగు రామాలయమునకు పోవువాడును, ముష్కు మహలు దారిని మసీదునకు పోవువాడును, ఆదివారమున ఆరాధనకు పోవువాడును, ఎక్స్‌ప్రెస్ వంతెన స్తంభముల సంఖ్యలనే గురుతుగా చెప్పుకొనుచు ఒకే వీథిలో కాపురముందురు. ఒకని నమ్మకము మరియొకని చెవిని పడకుండుట ఇచ్చట అసాధ్యము. కావున చెప్పవచ్చునా యనునది ప్రశ్న కాదు. ఎవరికి, ఏ స్థితిలో, ఏ ప్రయోజనము నుద్దేశించి చెప్పవలెననునదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు తెలుగుదేశ చరిత్రలో ఒంగోలుకంటె మంచి ఉదాహరణము లేదు. అమెరికా బాప్తిస్టు మిషనరీ యగు జాన్ క్లౌ దొర 1866లో అచ్చట స్థిరపడెను. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును దహించిన మహాక్షామమున ఆయన బకింగుహాము కాలువ త్రవ్వకములో సుమారు మూడున్నర మైళ్ల భాగమును గుత్తకు పుచ్చుకొని, ఆకలిగొన్నవారికి పని కల్పించి కూలి ఇప్పించెను. ఆ కాలమున అనేకులు బాప్తిస్మ మిమ్మని వచ్చిరి. ఆయన ఈయలేదు. క్షామద్రవ్యమును పంచుచున్నంత కాలము ఒక్కరిని కూడ చేర్చుకొననని పట్టుపట్టి, పంపకము ముగిసిన పిమ్మటనే ద్వారము తెరచెను. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

“అన్నము కొరకు మతము మార్చుకొనినవారు” అను ఎత్తిపొడుపును మావారు తరతరములుగా వినుచున్నారు. అన్నము దొరకినప్పుడు బాప్తిస్మము లేదు. బాప్తిస్మము దొరకునప్పటికి అన్నపుపంపకము లేదు. ఈ యొక్క సంగతిని ఎత్తిపొడుచువారు ఎరుగరు. ఐనను సత్యము పూర్తిగా చెప్పవలెను. ఆకలిదినములలో తమ్ము మనుష్యులుగా చూచినవానిని ఆ జనులు మరువలేదు. ఆ కృతజ్ఞతయు వారి విశ్వాసమున కలిసియే యుండును. దానిని లంచమనుట ఎట్లు? బావినీరు తోడుకొననీయని ఊరును విడిచి, తన ప్రక్కను కూర్చుండబెట్టుకొనినవాని దేవుని వెదకుట లోభ మగునా? ఆ ప్రాంతమున తొలుత విశ్వసించిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్లవ్యాపారి, మాదిగ కులస్థుడు. క్రైస్తవబోధను వినకమునుపే యోగమార్గమును అభ్యసించి, తనవారికి గురువుగా నున్నవాడు. అట్టివాడు తాను దేనిని విడుచుచున్నాడో, దేనిని పట్టుకొనుచున్నాడో యెరుగకయే మారెననుట నాకు నవ్వు పుట్టించును.

ఈ సందర్భముననే గాంధీ మహాత్మునితో నాకు భేదాభిప్రాయము. 1936లో ఆయన జాన్ మాట్ అను అమెరికా దేశస్థునితో సంభాషించుచు, అస్పృశ్యులలో కొందరికి మతముల తారతమ్యము నెంచు వివేకము గోవునకంటె ఎక్కువ లేదను భావమును పలికెను. ఆయన హృదయము దయగలది. అందుకు సందేహము లేదు. ఐనను ఆ మాటలో దయకంటె తక్కువచూపే నాకు కనబడుచున్నది. దోర్నకల్లు బిషప్పుగా 1912లో అభిషిక్తుడైన వేదనాయకము అజరయ్యగారు ఈ విషయమున మహాత్మునితో వాదించిరి. మిక్కిలి బీదవాడును తన దేవుని తానే యెన్నుకొనగలడని ఆయన దృఢవిశ్వాసము. ఐతే ఆ అజరయ్యగారే క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని వాదించిరి. మతము పెరుగవలెను గాని ఆ పెరుగుదల ఓట్లలెక్కకు దిగరాదని ఆయన భావము. మనవారు ఈ రెండవ పాఠమును తరచుగా మరతురు.

లెక్క కొరకు జనులను చేర్చుకొనుట యెంత చేటో ఈ హైదరాబాదు రాజ్యమే చూచినది. 1930లనాట ఒకవైపు బహదూరు యార్ జంగు అనుచరులు తబ్లీగు పేరిట అస్పృశ్యులను ఇస్లామునకు పిలిచిరి. వేరొకవైపు ఆర్యసమాజమువారు శుద్ధి పేరిట వెనుకకు పిలిచిరి. ఎవరి సంఖ్య హెచ్చిన వారికి బలమని ఇరుపక్షములకును తెలియును. నడుమనున్న మాలమాదిగల పొలమును, కూలిని, బావిని గూర్చి ఎందరు విచారించిరి? మా మిషనులవారిని విడిచి పరులను మాత్రమే నిందించుట నా యుద్దేశము కాదు. ఏడాది యేడాదికి ఎన్ని తలలు చేరెనని అడుగు నివేదికలు మాయందును కలవు. చేరినవారి నడుమ కులము చావలేదు. పెండ్లిళ్లయందును శ్మశానమునందును అది నేటికిని కూర్చుండియున్నది. క్రొత్తవారిని పిలుచుటకు ముందు ఇంటిలోని ఈ మురికిని ఊడ్చుకొనుట మేలని నేను సంఘపెద్దల యెదుటనే చెప్పియున్నాను.

ఇక చట్టపు సంగతి. రాజ్యాంగసభలో 1948 డిసెంబరు మాసమున మత “ప్రచారము” అను పదముమీద గట్టి వాదము జరిగెను. టి. టి. కృష్ణమాచారిగారు తాము పదునాలుగేండ్లు క్రైస్తవ విద్యాలయమున చదివినను తమ్ము మతము మార్చుటకు ఎవరును ప్రయత్నింపలేదని సాక్ష్యమిచ్చిరి. పదము నిలిచినది, 25వ అధికరణమున నేటికిని కలదు. 1977లో సర్వోన్నత న్యాయస్థానము ప్రచారహక్కు వేరనియు, ఇతరుని మతము మార్చు హక్కు వేరనియు, ఈ రెండవది ఎవరికిని లేదనియు తీర్పు చెప్పెను. ఈ తీర్పును మావారిలో అనేకులు నిందింతురు. నేను నిందింపను. ఒకని మనస్సును మార్చు హక్కు నాకెక్కడిది? మారు హక్కు వానిది. అయితే ఆ హక్కును వాడుకొనినవానికి ప్రభుత్వము వెల కట్టరాదు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు ననుసరించి క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులముల సౌకర్యములు లేవు. సిక్కులకు 1956లోను, బౌద్ధులకు 1990లోను అవి లభించినవి. మన రాష్ట్రమున అట్టి క్రైస్తవులు వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గమున నూటికి ఒక్క వంతుతో తృప్తిపడవలసియున్నది. ప్రలోభము చూపి మతము మార్చరాదని మిషనరీని శాసించు ప్రభుత్వమే, మారకుండుటకు ప్రలోభము చూపుట వింత గాదా?

ఇప్పుడు మన పాఠశాలకు వత్తము. 1843లో రాబర్టు నోబిలు దొర మచిలీపట్టణమున పాఠశాల స్థాపించెను. 1852లో ఆ విద్యార్థులలో ఇద్దరు బాప్తిస్మము పొందగా ఊరు అట్టుడికినట్లు ఉడికి, పాఠశాల ఖాళీయయ్యెను. కొంతకాలమునకు బాలురు మరల వచ్చిరి. చదువు అంత మంచిది. ఆ యిద్దరి ధైర్యమును నేను గౌరవింతును. ఐనను ఆ దినమున బిడ్డలను వెనుకకు తీసికొనిపోయిన తండ్రులను మూర్ఖులని అనజాలను. చదువు చెప్పుమని అప్పగించిన బిడ్డమీద గురువునకు కలుగు అధికారము సామాన్యమైనది కాదు. మార్కులు వాని చేతిలో. శిక్ష వాని చేతిలో. మెప్పు వాని చేతిలో. ఆ చేతితోనే మతమును కూడ అందించినచో, బాలుడు పుచ్చుకొనినది దేవునినో, గురువు మెప్పునో ఎవరు చెప్పగలరు? క్లౌ దొర అన్నము పంచునప్పుడు బాప్తిస్మము నాపెను. మనము పంచునది విద్య. ఆ న్యాయము మనకును వర్తింపవలదా?

సర్కారు గుర్తింపు గాని ధనసహాయము గాని పొందిన పాఠశాలలో మైనరు బాలుని సంరక్షకుని సమ్మతి లేక మతబోధకు కూర్చుండబెట్టరాదని 28వ అధికరణము శాసించుచున్నది. ఇది కాగితముమీద మాత్రమే యుండరాదు. బడిలో చేర్చుకొను దినముననే బైబిలు తరగతిని గూర్చి తలిదండ్రులకు నోట చెప్పి, సమ్మతి యున్నచో వ్రాలు పుచ్చుకొని, లేనిచో ఆ గంటలో బిడ్డకు వేరొక పాఠము చెప్పవలెను. అట్టి బిడ్డను వరండాలో నిలువబెట్టుట శిక్షవలె నుండును. ఏ ఉపాధ్యాయుడును చిన్నవారితో బాప్తిస్మమును గూర్చి ఏకాంతమున మాటలాడరాదు. బిడ్డ తానై అడిగినచో ఉత్తర మీయవచ్చును; ఆ సంగతిని తలిదండ్రులకును తెలుపవలెను. చదువు ముగించి, పదునెనిమిదేండ్లు నిండి, తన కాళ్లమీద తాను నిలుచువాడు వచ్చి ఏ మార్గమును గూర్చి అడిగినను, దాపరికము లేక చెప్పుదము. అతడు మసీదునకు పోయినను, గుడిలోనే నిలిచినను, మాతో ఆరాధనకు వచ్చినను, పూర్వవిద్యార్థుల సభలో వాని కుర్చీ వాని కుండును.