ఇంటివద్ద వాడు వైద్యోపకరణములు – భీమా ధనము



మన పల్లెలనుండి మౌలాలి కర్మాగారములకు పోయిన బిడ్డలకు 1948వ సంవత్సరపు చట్టముతో ఏర్పడిన ఇ.ఎస్.ఐ. భీమా కలదు. 2019 జూలై నుండి జీతములో నూటికి 3.25 యజమానియు, 0.75 కార్మికుడును చెల్లించునట్లు నిర్ణయించిరి. పల్లెలలో మిగిలిన బీదలకు 2007లో మొదలయిన ఆరోగ్యశ్రీ దిక్కు. అది ముఖ్యముగా ఆసుపత్రిలో చేరి పొందు చికిత్సకే ఉద్దేశింపబడినది. రోగి ఇల్లు చేరిన పిదప వలయు ఆక్సిజన్ యంత్రము, నెబ్యులైజరు, చక్రముల కుర్చీ మొదలగువాని భారము తరచుగా కుటుంబముమీదనే పడుచున్నది.

వీనికిని భీమా వర్తింపవలెనను కోరిక న్యాయమైనదే. కాని కట్టుదిట్టము లేక ద్వారము తెరచినచో, తూము మూయ మరచిన చెరువువలె నిధి ఎండిపోవును. అప్పుడు శస్త్రచికిత్సకు సయితము సొమ్ముండదు.

ఖర్చు పెరుగుటకు రోగి కారణము కాడు. 2021లో కేంద్ర ప్రభుత్వము విచారింపగా, కొన్ని ఉపకరణములమీద పంపిణీదారునికి పడిన ధరకును పైముద్రించిన ధరకును నడుమ లాభము నూటికి 709 వరకు ఉన్నట్లు తేలెను. ఆ జూలైలోనే రక్తపోటు యంత్రము, గ్లూకోమీటరు, నెబ్యులైజరు, డిజిటల్ థర్మామీటరు, పల్స్ ఆక్సీమీటరు, ఈ అయిదింటికి ఆ లాభము నూటికి 70కి మించరాదని కట్టడి చేసిరి. అమెరికాలో వృద్ధుల భీమాయగు మెడికేర్, ఇంటి ఆక్సిజన్ యంత్రమునకు 36 నెలలకు మించి అద్దె చెల్లించదు. 2011 నుండి తొమ్మిది ప్రాంతములలో టెండర్లు పిలిచి ధరలు నిర్ణయించెను.

మనకిది క్రొత్త సంగతి కాదు. ఒక్కరోజు దుక్కికి ట్రాక్టరు కొనువాడెవడు? మందుకొట్టు స్ప్రేయరును పదిమంది వంతులవారీగా వాడుకొనుట లేదా? కొలదికాలమే వలయు ఉపకరణములను సంఘము ఉమ్మడిగా కొని, శుభ్రపరచి, అద్దెకీయవలెను. ఆ అద్దెను భీమా చెల్లింపవలెను. టెండరులో ధరతోబాటు మరమ్మతును చేర్చవలెను. మూడు నెలలకొకసారి వైద్యుడు అవసరమును పరీక్షింపవలెను. కృత్రిమ కాలు, వినికిడి యంత్రము వంటివి ఒకరికి అమర్చినది మరియొకరికి పనికిరాదు గనుక సొంతముగా ఇప్పింపవలెను.

పొదుపు పేర రోగిని పస్తుంచరాదు. ఇంట ఆక్సిజన్ దొరకనివాడు మరల ఆసుపత్రిపాలగును. దానివలన ఖర్చు ఇబ్బడియగును. బిగింపవలసినది ధరను, గడువును. రోగి ఊపిరిని కాదు. రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు ఈ విషయమును చర్చింతురుగాక.