వాన లెక్క, బోరు లెక్క ఊరి చేతిలోనే ఉండాలి

అనంతపురం: వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని సామెత. రాకడ తెలియకపోయినా, వచ్చిన వాన ఎంతో, బోరులో మిగిలిన నీరు ఎంతో తెలుసుకోవడం మాత్రం మనిషి చేతిలోని పనే. మెట్ట ప్రాంతపు రైతాంగం నష్టపోతున్నది వానలు తక్కువై మాత్రమే కాదు. ఉన్న నీటికి లెక్క లేకపోవడం కూడా అందుకు ఒక కారణం.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. దీనిని కొలిచే ఏర్పాట్లు ప్రభుత్వానికి లేకపోలేదు. మండల కేంద్రాల్లో వానమాపకాలు ఉన్నాయి. ఉదయం 8.30 గంటలకు, అంతకు ముందు 24 గంటల్లో కురిసిన వానను నమోదు చేస్తారు. భూగర్భ జల శాఖ వారు పీజోమీటర్లు అనే పరిశీలక బోర్లు కూడా వేయించారు. వీటి నుంచి నీరు తోడరు. నీటి మట్టం ఎంత లోతున ఉన్నదో చూడడానికే ఇవి ఉన్నాయి.

మండలం లెక్క పొలానికి చాలదు

అయితే ఇవన్నీ మండలం లెక్కలు. ఒక ఊళ్లో పదును వాన పడితే పొలిమేర దాటిన పక్క ఊళ్లో దుమ్ము కూడా అణగకపోవడం ఇక్కడి రైతులకు కొత్త కాదు. నేల కింద ఉన్నది గట్టి రాయి. రాతి చీలికల్లోనే నీరు నిలుస్తుంది. అందువల్ల నూరు గజాల దూరంలో ఒక బోరు నిండుగా పోస్తుంటే మరొకటి ఒట్టిపోతుంది. మండలంలో నీటి మట్టం పెరిగిందన్న ప్రకటన చూసి వరి నాటిన రైతుకు, పైరు పొట్ట మీద ఉండగా నీరు సన్నగిల్లితే గతి ఏమిటి? పైరును కాపాడుకోవాలని మరో బోరు, అదీ పడకపోతే ఇంకో బోరు. అప్పులు మొదలయ్యేది ఇక్కడే.

కొత్త బోరుకు అనుమతి ఉండాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతున్నది. కాని ఉన్న బోరు కింద ఎన్ని ఎకరాలు పండుతాయో చట్టం చెప్పదు. అది కొలతే చెప్పాలి.

రైతులే కొలిచిన అనుభవం

ఈ పని రైతుల వల్ల కాదనడానికి వీలులేదు. 2003లో మొదలైన రైతుల భూగర్భ జల యాజమాన్య పథకం కింద అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లోని వందలాది ఊళ్లలో రైతులే కొలతలు తీశారు. ఆడవారు కూడా ఇందులో పాల్గొన్నారు. వానను రోజూ, బోర్లలో నీటి మట్టాన్ని పదిహేను రోజులకు ఒకసారి కొలిచి, ఆ అంకెలను ఊళ్లో నలుగురూ చూసేలా బోర్డుపై రాశారు. రబీకి ముందు సమావేశమై, ఉన్న నీరు ఎంత, వేయదలచిన పంటలకు కావలసినది ఎంత అని లెక్క కట్టారు. ఫలానా పంట వేయవద్దని ఎవరూ ఆంక్ష పెట్టలేదు. లెక్క చూసుకుని పలువురు రైతులు తామే నీరు తక్కువ పట్టే పంటలకు మళ్లారు. ప్రపంచ బ్యాంకు 2010లో వెలువరించిన నివేదిక ఈ అనుభవాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నది. అయితే పథకం గడువు తీరిన తరువాత కొలతలు అదే పట్టుతో సాగలేదు.

ఖర్చు స్వల్పమే

సాధనాలు అందనివేమీ కావు. వానమాపకం కొనలేకపోతే, పైనుంచి అడుగు వరకు ఒకే వెడల్పుతో, చదునైన అడుగు ఉన్న డబ్బా చాలు. దానిని చెట్లకు, గోడలకు ఎడంగా, వాటి ఎత్తుకు రెండింతల దూరంలో ఉంచాలి. వాన వెలిసిన తరువాత స్కేలుతో నీటి లోతు చూస్తే అదే మిల్లీమీటర్ల లెక్క. ఒక మిల్లీమీటరు వాన అంటే ఎకరానికి సుమారు 4,000 లీటర్ల నీరు.

నీటి మట్టం కొలిచేందుకు అడుగులు గుర్తు పెట్టి, కొసకు బరువు కట్టిన తాడు సరిపోతుంది. నీటిని తాకగానే దీపం వెలిగే పరికరాలు కూడా ఉన్నాయి. మోటారు ఆపి కొన్ని గంటలు గడిచాక, ప్రతిసారీ కేసింగు అంచు నుంచే కొలవాలి. లేకుంటే ఒకనాటి అంకెకు మరొకనాటి అంకెకు పొంతన ఉండదు.

బోరు నీటిని రైతులు ఇంచుల్లో చెప్పుకుంటారు. అది కంటి అంచనాయే. 200 లీటర్ల డ్రమ్ము నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో గడియారం పెట్టి చూస్తే అసలు సంగతి తేలుతుంది. 100 సెకన్లలో నిండితే గంటకు 7,200 లీటర్లు. రోజుకు 7 గంటల చొప్పున 100 రోజులు తోడితే సుమారు 50 లక్షల లీటర్లు. ఎకరం వరికి అంచనాగా 1,200 మిల్లీమీటర్లు, అంటే 48 లక్షల లీటర్లకు పైగా కావాలి. వేరుశనగకు 500 మిల్లీమీటర్లు, అంటే 20 లక్షల లీటర్లు చాలు. ఆ బోరు కింద వరి అయితే ఒక్క ఎకరం, వేరుశనగ అయితే రెండున్నర ఎకరాలు పండుతాయన్న మాట. అదీ బోరు చివరి వరకు అదే ధారతో పోస్తేనే.

ఈ లెక్క విత్తనం కొనకముందు తెలియాలి. పైరు ఎండుతున్నప్పుడు తెలిస్తే ఒరిగేదేమీ లేదు. ప్రతి పంచాయతీలోనూ ఒక వానమాపకం, గుర్తించిన నాలుగైదు బోర్లు, అంకెలు రాసే ఒక బోర్డు ఉండాలి. బడి పిల్లలకు వాన కొలిచే పని అప్పగించవచ్చు. మండల పీజోమీటరు అంకెలను కూడా ఆ బోర్డుపై రాయించి, రబీకి ముందు గ్రామసభలో చదివించే బాధ్యతను అధికారులు తీసుకోవాలి. బోరు వేసేందుకు లక్షలు అప్పు తెచ్చే ఊరు, ఒక తాడు, ఒక డ్రమ్ము సమకూర్చుకోలేనిది కాదు.