పాట పాడే ముందు పుట్టుక అడగండి

నాణేల వేలానికి వచ్చేవాళ్లలో చాలామంది సరిగ్గా పాట మొదలయ్యే వేళకు వచ్చి కుర్చీ వెతుక్కుంటారు. నా దృష్టిలో వాళ్లు అసలు సంగతి అయిపోయాక వచ్చినట్టే. హైదరాబాద్‌లో చిన్న దుకాణం పెట్టే వేలమైనా, ఎగ్జిబిషన్ హాల్లో జరిగే పెద్ద వేలమైనా, పాటకు ముందు లాట్లను చేతికిచ్చి చూడనిచ్చే సమయం కొంత ఉంటుంది. ఫోన్‌లో ఫొటో చూసి వాట్సాప్ గ్రూపులో అంకె కొట్టేవారికి దక్కనిది అదే. నాణెం బరువు అరచేతికి తెలుస్తుంది. అంచు తిప్పి చూసుకోవచ్చు. పక్కన నిలబడ్డ అనుభవజ్ఞుడు అడగకుండానే ఒక మాట చెబుతాడు. మన నేల చరిత్రను చేత్తో పట్టుకుని నేర్చుకునే అవకాశం సామాన్యుడికి ఇంత చవగ్గా మరెక్కడా దొరకదు. మ్యూజియంలో అద్దం అడ్డం.

చార్మినార్ రూపాయినే తీసుకోండి. హైదరాబాద్ వేలం జాబితాలో ఇది లేకపోవడం అరుదు. మహబూబ్ అలీఖాన్ పాలన చివరి దశలో, 1900ల తొలి ఏళ్లలో, నిజాం రూపాయి మీదికి చార్మినార్ బొమ్మ వచ్చింది. బరువు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. అదే కాలపు బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి గుణించి చూస్తే, ఏడు హాలీ (నిజాం) రూపాయలకు ఆరు కల్దార్ (బ్రిటిష్) రూపాయలన్న ఆనాటి మారకం ఎక్కడి నుంచి వచ్చిందో ఇట్టే తెలిసిపోతుంది. సంస్థానపు ఆర్థిక చరిత్ర మీద ఎన్ని పుటలు చదివినా, ఆ రెండు రూపాయల్నీ రెండు చేతుల్లో పట్టుకున్నప్పుడు కలిగే స్పష్టత వేరు.

ఒక వేలంలో ఓ కుర్రవాడు ఆ రూపాయిని పైపైన చూసి పెట్టేయబోతుంటే, పక్కనున్న పెద్దాయన భూతద్దం అందించారు.

"తలుపులో ఏముందో చూసినవా బాబూ?"

"ఏదో అక్షరం లెక్క ఉంది సార్."

"మీమ్ ఉంటే మహబూబ్, ఐన్ ఉంటే ఉస్మాన్. ఐన్ అయితే సగమే ఉందా, నిండుగా ఉందా, అదీ చూస్కో. ధర అక్కడే మారుతది."

చార్మినార్ నడిమి కమానులో, గోరుకొన కంటే చిన్న చోట, పాలకుడి పేరులోని మొదటి అక్షరం. ఉస్మాన్ అలీఖాన్ తొలి నాణేల్లో ఆ ఐన్ రెండు తీరుల్లో కనిపిస్తుంది. వెనక వైపు 'ఫర్‌ఖుందా బునియాద్ హైదరాబాద్' అని టంకశాల పేరు, పాలన మొదలై ఎన్నో ఏడో ఆ సంఖ్య. ముందు వైపు హిజ్రీ సంవత్సరం. ఇవన్నీ చదవడం వచ్చినవారు, ఒకేలా కనిపించే పది రూపాయల కుప్పలోంచి అరుదైనదాన్ని ఏరుకోగలరు. చదవడం రానివారు వెండి ధరకు దొరికేదాన్ని అరుదైన సరుకు ధర పెట్టి ఇంటికి తెచ్చుకుంటారు.

ఇంకా ఆసక్తిగా వెతకవలసినవి తెలుగు అక్షరాలున్న నాణేలు. ఈస్టిండియా కంపెనీ మద్రాసులో 1807-08 ప్రాంతంలో వేసిన వెండి పావు వరహా ఒకటుంది. ఒక పక్క గుడి గోపురం, చుట్టూ చుక్కలు. రెండో పక్క విష్ణుమూర్తి, ఆయన చుట్టూ తమిళంలోనూ తెలుగులోనూ విలువ రాసి ఉంటుంది. లండన్ వ్యాపారులు మన సంతల్లో చెల్లుబాటు కావడానికి మన లిపిని, మన దేవుణ్నీ ఆశ్రయించిన సాక్ష్యం అది. దానికంటే ముందే, శ్రీదేవీ భూదేవులతో వేంకటేశ్వరుడున్న బంగారు వరహా కూడా కంపెనీ వేసింది. సేకరణదారులు దాన్ని 'త్రీ స్వామి పగోడా' అంటారు. తెలుగువాళ్ల సేకరణల్లో ఇలాంటివి ఇంకా ఎక్కువగా ఉండాలని నా కోరిక.

ఈ నిజమైన దేవుడి నాణేల మాట తెలియకే జనం దొంగ దేవుడి నాణేలకు పడిపోతున్నారు. ఒక వైపు రామదర్బారో హనుమంతుడో, రెండో వైపు '1818 ఈస్టిండియా కంపెనీ అర్ధణా' అని ఉండే రాగి బిళ్లలు ఊరూరా తిరుగుతున్నాయి. కంపెనీ అలాంటి అర్ధణా ఎప్పుడూ వెయ్యలేదు. ఇదే బిళ్లకు 'రైస్ పుల్లర్' అని పేరు పెట్టి, బియ్యపు గింజల్ని లాగుతుందని చూపించి, లక్షలు గుంజిన ముఠాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసులకు చిక్కాయి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న కొత్త నాణేనికి లక్షలు ఇస్తామనే వీడియోలదీ ఇదే దారి. పాత నాణేలు కొంటామంటూ తమ పేరు వాడుకుని ముందుగా కమీషన్, పన్ను అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. మంచి దుకాణంలో జరిగే వేలం ఈ మోసాలకు సరైన విరుగుడు. అక్కడ మనిషి ఎదురుగా ఉంటాడు, బిల్లు ఉంటుంది, వస్తువు నకిలీదని తేలితే రేపు వెళ్లి అడగడానికి గడప ఉంటుంది.

అలాగని అక్కడ నకిలీలు రావని కాదు. 1939 నాటి ఆరో జార్జి వెండి రూపాయి చాలా అరుదు. అందుకే 1938 రూపాయిలో చివరి ఎనిమిదిని చెక్కి తొమ్మిది చేసేవాళ్లున్నారు. ఆ అంకె చుట్టూ నేల మిగతా చోట్లలాగే సాఫీగా ఉందా, గీరిన జాడ ఉందా చూడాలి. పోత పోసిన నకిలీకి అంచు మీద సన్నని అతుకు గీత, ఒంటిమీద నూక పోసినట్టు గరుకు కనిపిస్తాయి. చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు జేబులో పెట్టుకెళ్లండి, దుకాణదారు ఏమీ అనుకోడు. అనుకున్నాడంటే ఆ లాటు మీకు వద్దు.

మన ఇళ్ల నుంచి వచ్చే నాణేలకు ప్రత్యేకమైన దెబ్బలు రెండున్నాయి. ఒకటి కాసులపేరు దెబ్బ. దండలో గుచ్చడానికి కొండీ టంకం పెట్టి, అమ్మే ముందు దాన్ని ఊడదీసి అరగదీస్తారు. నాణేన్ని నిలువుగా పట్టి పై అంచు దగ్గర వెలుతురులో తిప్పితే, అక్కడ గాడి సన్నబడటమో రంగు తేడాగా ఉండటమో పట్టుబడుతుంది. రెండోది పూజ దెబ్బ. లక్ష్మీపూజ రూపాయిని ఏటా చింతపండుతోనో విభూతితోనో తళతళలాడేలా తోముతారు. భక్తికి నేనేమీ అనను. కానీ వందేళ్లలో వెండి మీద నిదానంగా కమ్ముకున్న ఆ నలుపు పొర పోయిందంటే సేకరణదారు దగ్గర విలువ సగం పోయినట్టే, మళ్లీ తెప్పించలేం. అమ్మదలచుకున్నవారైనా, కొన్నవారైనా దయచేసి తోమకండి.

డబ్బు సంగతి. జాబితాలో రాసిన అంచనా ధర వేరు, సుత్తి దెబ్బ పడిన ధర వేరు, మీ జేబులోంచి పోయేది వేరు. కొనేవాడి కమీషన్ పదిహేను శాతం అనుకుంటే, పదివేలకు కొట్టిన పాట పదకొండు వేల ఐదొందలవుతుంది, ఆపైన జీఎస్టీ. ఈ షరతులు ముందే చదివి, చేతికందే మొత్తం నుంచి వెనక్కి లెక్కేసుకుని, మీ ఆఖరి పాట ఒక చీటీ మీద రాసుకోండి. అమ్మేవాడి తరఫున దుకాణమే పాట పెంచే వీలుందా అని సూటిగా అడగండి. బాలాపూర్ వినాయకుడి లడ్డూ పాట 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో 30 లక్షలు దాటింది. అక్కడ ఎక్కువ పాడటమే గౌరవం, సొమ్ము ఊరి మంచికి పోతుంది. నాణేల దగ్గర ఆ పౌరుషం పనికిరాదు. ఇవాళ పోయిన లాటు లాంటిది ఆరు నెలల్లో మళ్లీ వస్తుంది.

ఇంతకీ, నాకు బాగా బాధ కలిగించే విషయం వేరే ఉంది. అసలు ఇదంతా మొదలుపెట్టింది దాన్ని చెప్పడానికే. లాట్ల మధ్య అప్పుడప్పుడు ఒక కవరులో గుప్పెడు సీసపు నాణేలు, పోటిన్ అనే మిశ్రమలోహపు నాణేలు కనిపిస్తాయి, ఒంటిమీద ఇంకా మట్టి అంటుకుని. జాబితాలో 'శాతవాహన, రకరకాలు' అని రాసి ఉంటుంది, అంతే. ఎక్కడివి, ఎవరికి దొరికాయి, ఒకే కుండలోవేనా? ఒక్క ప్రశ్నకూ జవాబుండదు. ధర తక్కువ కాబట్టి కొత్తగా మొదలుపెట్టినవాళ్లు వాటినే కొంటారు.

గోదావరి ఒడ్డున కోటిలింగాలలో సంగనభట్ల నరహరిశర్మ వంటి స్థానికులు ఇలాంటి చిన్న నాణేలనే ఏరి దాచారు. 1970ల చివర వాటిని పరిశీలించిన పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు వాటిమీద శాతవాహన వంశ మూలపురుషుడు ఛిముకుని పేరు చదివారు. అతనికంటే ముందు ఆ ప్రాంతాన్ని ఏలిన గోబద, సమగోప వంటి స్థానిక రాజుల పేర్లూ బయటపడ్డాయి. శాతవాహనులు ఎక్కడ మొదలయ్యారన్న చర్చలో తెలంగాణకు గట్టి ఆధారం దొరికింది. ఆ నాణేలకు ఆ బలం ఎక్కడిది? అవి కోటిలింగాలలో దొరికాయని తెలియడం వల్లే కదా! అవే నాణేలు ఊరూ పేరూ లేకుండా వేలం కవరులోంచి వచ్చి ఉంటే, పేరు చదివేవాళ్లం కానీ చోటు తెలిసేది కాదు.

ఒకే కుండలో దొరికినవి కలిసి ఉండటమూ అంతే ముఖ్యం. 1906లో నాసిక్ జిల్లా జోగల్తెంబిలో పదమూడు వేల పైచిలుకు వెండి నాణేలు ఒక్కచోట దొరికాయి. అవి క్షహరాత వంశపు రాజు నహపానుడివి. వాటిలో దాదాపు మూడింట రెండు వంతుల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. ఓడిపోయిన రాజు ధనం ఎలా చేతులు మారిందో ఆ కుండ మొత్తం కలిసి చెప్పింది. ఒక్కో నాణెం ఒక్కో సేకరణలోకి చెదిరిపోయి ఉంటే ఆ నిష్పత్తి మనకెవరు చెప్పేవారు?

చట్టం ఉంది. భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిధిని కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతుంది. ప్రభుత్వం నిధిని తీసుకోదలిస్తే లోహం విలువ కట్టి, పైన ఐదో వంతు చేర్చి చెల్లించాలనీ అందులోనే ఉంది. ఈ రెండో మాట రైతుకు ఎవరూ చెప్పరు. పొలంలో కుండ తగిలినవాడికి తెలిసింది పోలీసుల భయం ఒక్కటే. అందుకే రాత్రికి రాత్రి బంగారం, వెండి కొలిమిలోకి పోతాయి, సీసం, రాగి మధ్యవర్తి సంచిలోకి పోతాయి. ఆ సంచి చివరికి వేలం బల్ల మీదికి చేరుతుంది. అక్కడ పాట పాడే మనకు ఇందులో పాత్ర లేదని నేననుకోను. గిరాకీ మనదే.

1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. అమ్మేవారికి లైసెన్సు ఉండాలి, దేశం దాటించకూడదు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవులకు వచ్చి, తాతగారి ఊరి జ్ఞాపకంగా మహబూబ్ రూపాయి కొని సూట్‌కేసులో వేసుకునే మనవాళ్లకు ఇది తెలియాలి. 1940ల నాటి చార్మినార్ రూపాయికి ఇప్పటికి ఆ అడ్డు లేదు. ఏటా ఆ గీత ఒక ఏడాది ముందుకు జరుగుతుంటుంది.

దుకాణదారులకు నా విన్నపం ఒకటే. ప్రతి లాటు కింద ఒక వాక్యం ఎక్కువ రాయండి: ఫలానా జిల్లాలో పాత సేకరణ నుంచి, ఫలానా ఏడు కొన్నది, ఇన్ని నాణేలు కలిసి వచ్చాయి అని. అమ్మినవారి పేరు బయటపెట్టక్కర్లేదు. ఆ వాక్యం ఉన్న లాటుకు పది శాతం ఎక్కువ పాడటానికి నేను సిద్ధం, నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. రాష్ట్ర పురావస్తుశాఖ నుంచి ఒకరు వేలానికి ముందు వచ్చి, ప్రాచీన లాట్ల ఫొటోలు, బరువులు నమోదు చేసుకుని వెళ్తే ఖర్చు ఒక పూట ఆటోచార్జీ. కొనేవాళ్లం మనం చేయగలిగింది ఇంకా తేలిక. మట్టి అంటిన కవరు చేతికొచ్చినప్పుడు, 'ఇవి ఎక్కడివండీ?' అని నలుగురూ వినేలా అడిగి, జవాబు రాకపోతే కవరు అక్కడే పెట్టేయడం.