సర్దితే చోటు పెరుగుతుందా?

"డిఫ్రాగ్మెంట్ చేయిస్తే కంప్యూటర్‌లో చోటు పెరుగుతుంది" అని ఎవరైనా చెబితే వెంటనే డబ్బులు తీసి ఇచ్చేయకండి. దానివల్ల చోటు పెరగదు.

మన బొబ్బిలి వీణ ఉంది కదా, గొల్లపల్లిలో ఒకే పనస మొద్దును తొలిచి చేస్తారు. హార్డ్‌డిస్క్‌కి అంత పట్టింపు లేదు. అమ్మాయి పెళ్ళి వీడియో ఒక్క ముక్కగా పట్టకపోతే, ఖాళీ దొరికిన చోటల్లా ముక్కలుగా ఇరికించేస్తుంది. మళ్ళీ చూడబోయినప్పుడు అవన్నీ వెతికి తేవాలి, అందుకే ఆలస్యం. ఆ ముక్కల్ని పక్కపక్కన చేర్చడమే డిఫ్రాగ్మెంట్. నాలుగు అరల్లో ఉన్న కందిపప్పు పొట్లాలను ఒకే అరలోకి చేరిస్తే వెతుకులాట తప్పుతుంది గానీ, పప్పు తగ్గదుగా! పైగా రిస్టోర్ పాయింట్ల కోసం విండోస్ పాత నకళ్ళు దాచుకుంటుంది కాబట్టి, ఒక్కోసారి ఉన్న ఖాళీ కూడా కాస్త తగ్గుతుంది.

చోటే కావాలా? పెళ్ళి ఫొటోలూ వీడియోలూ ముందుగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. తర్వాత రీసైకిల్ బిన్ ఖాళీ చేసి, డిస్క్ క్లీనప్ నడపండి. విండోస్ 10లో కొన్నింట 'డౌన్‌లోడ్స్' కూడా ఆ జాబితాలోనే కనిపిస్తుంది. అక్కడ టిక్ పెట్టారో, దాచుకున్నవన్నీ పోతాయి, జాగ్రత్త సుమా!

కొత్త ల్యాప్‌టాప్‌లలో ఉండే ఎస్.ఎస్.డి.లో తిరిగే పళ్ళెం లేదు, ముక్కలున్నా వెతుకులాట లేదు. దానికి ఈ సర్దుడుతో పనే లేదు. పాతరకం డిస్కయినా, 2007లో వచ్చిన విండోస్ విస్టా నుంచి వారానికోసారి ఆ పని దానంతట అదే జరిగిపోతోంది.