దర్జీ హమీద్ అని చెప్పండి

యుద్ధవీరుడు అబ్దుల్ హమీద్ పేరెత్తగానే పిల్లలు ప్యాటన్ ట్యాంకులు అంటారు. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతిలో ఆయన మీద పాఠం పెట్టారు. మంచి పని. ఆయన దర్జీ అన్న సంగతిని మాత్రం ఒక్క ముక్కలో దాటేయొద్దని ఒక పంతులమ్మగా, టైలరు కూతురిగా నా మనవి.

హమీద్ 1933 జులై 1న ఉత్తరప్రదేశ్‌లోని ఘాజీపూర్ జిల్లా ధాముపూర్‌లో పుట్టారు. తండ్రి మహమ్మద్ ఉస్మాన్ బట్టలు కుట్టేవారు. కొడుకూ ఆ పనే నేర్చాడు. 1954 డిసెంబరులో గ్రెనేడియర్స్ పటాలంలో చేరేనాటికి ఆయనకు 21 ఏళ్లు. ట్యాంకులను కొట్టే దళంలో ఐదేళ్లు చేశాక క్వార్టర్‌మాస్టర్ హవల్దారయ్యారు. అంటే కంపెనీ సామాన్ల బాధ్యత ఆయనదే. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం ముంచుకొచ్చేసరికి, 106 ఎంఎం తుపాకీ గురిలో బెటాలియన్‌లో ఆయన్ని మించినవాడు లేడని మళ్లీ ఆ దళానికే పిలిచారు.

ఆ తుపాకీ ఎలాంటిదో పిల్లలకు విడమరిచి చెప్పాలి. దాన్ని జీపు మీద బిగిస్తారు. పేల్చగానే వెనక మంట, దుమ్ము లేచి శత్రువుకు చోటు తెలిసిపోతుంది. కొట్టిన వెంటనే జీపును ఇంకోచోటికి తప్పించాలి. ఆ జీపుకు ఉక్కు తొడుగేమీ ఉండదు. పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర చెరకు తోటల చాటున, మనవాళ్లు నీళ్లు వదిలి బురద చేసిన పొలాల మధ్య, నలభై టన్నులు దాటిన పాకిస్తాన్ ప్యాటన్‌లను ఆయన ఎదుర్కొన్నది ఇలాగే. సెప్టెంబరు 10 ఉదయం చీమా గ్రామం దగ్గర ఫిరంగి గుండు పేలి నేలకొరిగారు. ఆయనకు వచ్చిన పరమవీర చక్రను భార్య రసూలన్ బీబీ అందుకున్నారు.

ఎన్ని ట్యాంకులు కూల్చారన్న లెక్క మీద ఇప్పటికీ వాదులాడుకుంటాం. నన్ను పట్టేది ఆ లెక్క కాదు, ఆ నిబ్బరం. బట్ట మీద సుద్దగీత గీసి కత్తెర వేసేవాడికి రెండో అవకాశం ఉండదు. మా నాన్న కత్తెర పట్టినప్పుడు ఇంట్లో ఎవరం నోరు మెదిపేవాళ్లం కాదు. హమీద్‌కు ఆ నిదానం పటాలంలో చేరాకే అబ్బిందంటే నేను ఒప్పుకోను.

తరగతిలో తండ్రి ఏం చేస్తాడని అడిగితే 'బిజినెస్' అని తల దించుకునే పిల్లలు నాకు తెలుసు. ఒకడి నాన్నకు ఇస్త్రీ బండి, ఇంకొకడి నాన్న చెప్పులు కుడతాడు. ఆరో తరగతి టీచర్లూ, హమీద్ పాఠం చెప్పే రోజున ధాముపూర్‌లోని కుట్టుపని దగ్గరి నుంచే మొదలుపెట్టండి. ట్యాంకుల దాకా వచ్చాక ఆ పిల్లలను లేపి, వాళ్ల నాన్నల పనిలో కష్టమైన భాగం ఏదో చెప్పమనండి. గంట కొట్టినా ఆపకండి.