కాలేయానికి అంజూరపు పేరు

మనం లివర్ అనే కాలేయాన్ని ఇటలీవాళ్ళు 'ఫేగతో' అంటారు. ఈ మాట పుట్టుక వింటే మీకు నవ్వొస్తుంది. ఆ తర్వాత కాస్త భయం కూడా కలగాలి.

లాటిన్ భాషలో కాలేయానికి అసలు పేరు 'యెకుర్'. అంజూరపు పండు 'ఫీకుస్'. రోమన్ ధనికులు పెద్దబాతులకూ, ఆడపందులకూ అంజూరపు పళ్ళు మెక్కబెట్టేవారు. వాటి కాలేయం కొవ్వుపట్టి ఉబ్బేది. ఆ కార్జమంటే వారి విందుల్లో మహా ఇష్టం! పందుల్ని ఇలా మేపడం అపీషియస్ అనే భోజనప్రియుడు కనిపెట్టాడని ఒకటో శతాబ్దంలో ప్లీనీ రాశాడు. ఆ వంటకం పేరు 'యెకుర్ ఫికాతుమ్', అంటే అంజూరంతో మేపిన కాలేయం. వాడుకలో మొదటి మాట రాలిపోయింది. రెండోదే మనిషి కాలేయానికీ పేరైంది! ఫ్రెంచివారి 'ఫ్వా', స్పెయిన్‌వారి 'ఈగదో' కూడా దీని పిల్లలే.

ఇటలీలో 'ఫేగతో ఉన్నవాడు' అంటే ధైర్యవంతుడు. మనం ధైర్యాన్ని గుండెలో పెట్టాం. ఉర్దూవారి 'జిగర్' మాత్రం కాలేయమే. లోలోపల కోపంతో కుమిలేవాడు తన ఫేగతోను తానే కొరుక్కుంటున్నాడని అక్కడ అంటారు.

సరే, రోమన్లు బాతుకు చేసిన పని ఇప్పుడు మనకు మనమే చేసుకుంటున్నాం. అవసరానికి మించిన చక్కెరను కాలేయం కొవ్వుగా మారుస్తుంది. అది అక్కడే పేరుకుంటే 'ఫ్యాటీ లివర్'. "చుక్క కూడా ముట్టను, నాకెందుకొచ్చింది డాక్టరుగారూ?" అని అడిగేవారున్నారు. పొట్ట పెరిగినవారికి, షుగరు జబ్బున్నవారికి తాగుడు లేకపోయినా వస్తుంది. తాగుడు కూడా తోడైతే చెప్పనక్కర్లేదు. సాధారణంగా నొప్పి ఉండదు. మరేదో కారణానికి స్కానింగ్ తీయించుకుంటే బయటపడుతుంది. కొందరిలో వాపు వచ్చి, మచ్చలు కట్టి, ఏళ్ళ తరబడి ముదిరి సిరోసిస్ అవుతుంది.

అంతవరకూ రాకముందే తిప్పుకోవచ్చు. 80 కిలోలున్నవారు నెమ్మదిగా 6 నుంచి 8 కిలోలు తగ్గితే కాలేయంలో కొవ్వూ, వాపూ బాగా తగ్గుతాయి. కూల్‌డ్రింకులు, మిఠాయిలు మానండి. అన్నం తగ్గించి కూర పెంచండి. సారా అసలే వద్దు. లివర్ టానిక్కుల మీద నాకు నమ్మకం లేదు. ఆ డబ్బుతో మంచి చెప్పులు కొనుక్కుని రోజూ అరగంట గబగబా నడవండి. అంజూరాల మీద మాత్రం కోపం పెట్టుకోకండి, రెండు తింటే ఏమీ కాదు. షుగరున్నవారు ఎండు అంజూరాలు లెక్కచూసుకుని తినాలి.

కళ్ళు పచ్చబడినా, పొట్టలో నీరు చేరినా, రక్తం వాంతి అయినా పసరుమందుల కోసం ఊళ్ళు తిరగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.