సైకిల్ మీద కేస్లాపూర్ పోతనంటే మనమెందుకు నవ్వినం?



పోస్టు పెద్దగనే ఉంటది. ఓపికతోని చివరిదాకా చదవండి. ఆఖర్ల మీతోని ఒక పని కూడా ఉంది.

మేము మంఖాల్‌ల రెండు రూములు తీసుకొని ఉంటున్న తొమ్మిది మందిమి. గోండు, లంబాడా, కోయ, ఒక ఎరుకల తమ్ముడు. పొద్దున కాలేజీ, రాత్రి కొందరికి కంపెనీల ప్యాకింగ్ షిఫ్టు. బయట సంఘాల మధ్య ఏ గొడవలున్నా, మా రూముల మాత్రం ఒకటే కుక్కర్ల బువ్వ. ఎయిర్‌పోర్టుకు దిగే విమానాలు మా నెత్తిమీదికెళ్లే పోతయి. కొత్తగా వచ్చినోళ్లు మొదటి వారం తలెత్తి చూస్తరు, తర్వాత ఎవరూ చూడరు.

మా అందర్ల చిన్నోడు ఇంద్రవెల్లి దిక్కు నుంచి వచ్చిన గోండు తమ్ముడు. డిగ్రీ రెండో సంవత్సరం. వానికి సెకండ్ హ్యాండ్‌ల కొన్న 22 ఇంచుల మామూలు సైకిల్ ఉంది, గేర్లు లేవు. షిఫ్టుకు దాని మీదనే పోతడు, వస్తడు. పోయిన నెల ఒక రాత్రి బువ్వ తినుకుంట అన్నడు: "అన్నా, ఈసారి నాగోబా జాతరకు సైకిల్ మీద పోత. ఒక్కన్నే పోత."

అందరం నవ్వినం. ఒకరు "బస్సు పైసలు మేమిస్తం తియ్ రా" అన్నరు. ఇంకొకరు "యూట్యూబ్‌ల పెడతవా?" అన్నరు. వాడు మళ్ల మాట్లాడలే. కంచం కడుక్కొని పోయి పండుకున్నడు.

ఆ నవ్వు గురించే ఈ పోస్టు. తర్వాత నాలుగైదు రోజులు మాల మేమే కొట్లాడుకున్నం. ఇప్పుడు మా తొమ్మిది మందిది ఒకటే మాట: వాడు పోవాలె. మనం పంపాలె. ఎందుకో చెప్తం.

ముందుగాల దూరం లెక్క చూద్దాం. మంఖాల్ నుంచి శంషాబాద్ పోతే 44వ నంబరు జాతీయ రహదారి దొరుకుతది. ఊర్లె నుంచి బయటపడి మేడ్చల్, తూప్రాన్, రామాయంపేట, కామారెడ్డి, ఆర్మూర్. సోన్ కాడ గోదారి దాటాలె. నిర్మల్, నేరడిగొండ, ఇచ్చోడ. గుడిహత్నూర్ కాడ కుడికి తిరిగితే ఇంద్రవెల్లి, ఆడికెళ్లి కేస్లాపూర్ దగ్గరనే. అన్నీ కలిపితే 300 కిలోమీటర్ల పైన. రోజుకు 60, 70 తొక్కినా అయిదు రోజులు. అసాధ్యమైంది ఏం లేదు. పుణెకు చెందిన వేదాంగి కులకర్ణి అనే అమ్మాయి 2018ల ఇరవై ఏండ్లకే ఒంటరిగా సైకిల్ మీద ప్రపంచం చుట్టొచ్చింది. 159 రోజులు, దాదాపు 29,000 కిలోమీటర్లు. స్పెయిన్‌ల దొంగలు కత్తి చూపించి దోచుకున్నా ఆగలే. ఆమె తొక్కిన దాంట్ల మన తమ్ముడు అడిగేది నూరో వంతు.

మరి వేదాంగి వార్త చదివి "శభాష్" అన్న మనమే, మనోడు అంటే ఎందుకు నవ్వినం?

మాకు దొరికిన జవాబు వాళ్ల నాయన ఫోన్‌ల దొరికింది. తమ్ముడు సంగతి ఇంట్ల చెప్పంగనే ఆయన మొదట అడిగిన మాట: "బస్సుకు పైసల్లేవా బిడ్డా? నేను పంపుతా." ఆయన కోపం చెయ్యలే. బాధపడ్డడు. కొడుకు పట్నంల కష్టపడుతుండని, చెప్పుకోలేక సైకిల్ అంటుండని అనుకున్నడు.

మన ఇండ్లల్ల సైకిల్ అంటే లేనితనం. సైకిల్ నుంచి బండికి వచ్చుడే మన దగ్గర ఎదుగుడు. అందుకే మన పెద్దలకు కొడుకు మళ్ల సైకిల్ ఎక్కితే ఎనుకకు పోయినట్టే కనబడతది. ఇది వాళ్ల తప్పు కాదు. 2020 లాక్‌డౌన్‌ల ఇదే రోడ్డు మీద కూలోళ్లు పిల్లలను, మూటలను సైకిళ్ల మీద పెట్టుకొని సొంతూర్లకు పోయింది మనం మర్చిపోలే. బీహార్‌కు చెందిన 15 ఏండ్ల అమ్మాయి, దెబ్బ తగిలిన తండ్రిని ఎనుక కూసోబెట్టుకొని గురుగ్రామ్ నుంచి దర్భంగా దాకా దాదాపు 1,200 కిలోమీటర్లు తొక్కింది. దేశమంతా మెచ్చుకున్నది. కానీ ఆ బిడ్డ సాహసం కోసం పోలే. వేరే దారి లేక పోయింది.

బలవంతంగా తొక్కితే మనోళ్లు, ఇష్టంగా తొక్కితే వేరేటోళ్లు. ఈ లెక్క ఎవరు గీసిండ్రు?

కొంచెం ఎనుకకు పోదాం. తిరుగుడు మనకు కొత్తది కాదు. రైళ్లు రాకముందు దక్కన్ అంతా ఉప్పు, ధాన్యం ఎడ్ల మీద మోసింది బంజారాలే. సైన్యాలకు తిండి గింజలు చేర్చింది గూడ వాళ్లే. మ్యాపులు లేకుండ ఏ వాగు ఎక్కడ దాటాల్నో, ఎండకాలం నీళ్లు ఎక్కడ ఉంటయో ఎరికైన జాతి. రైలు, రోడ్డు వచ్చినంక ఆ బతుకు పోయింది. మీదికెళ్లి 1871ల బ్రిటిషోళ్లు నేరస్త జాతుల చట్టం తెచ్చిండ్రు. తర్వాత దాన్ని పెంచుకుంట పోయి ఎరుకల, లంబాడా వంటి సంచార జాతులను కూడా చాలాచోట్ల జాబితాల రాసిండ్రు. ఊరు దాటాలంటే పర్మిషన్, పోలీసు కాడ హాజరు. ఆ చట్టం పోయింది స్వాతంత్ర్యం వచ్చిన అయిదేండ్లకు, 1952 ఆగస్టు 31న.

అంటే ఏంది? మన తాతలు తిరిగితే నేరం. వేరేటోళ్లు తిరిగితే యాత్ర. చట్టం రద్దయింది కానీ ఆ చూపు పోలే. మా తమ్ముడు ఒకసారి షిఫ్టు దిగి రాత్రి రెండింటికి సైకిల్ మీద వస్తుంటే ఒక గేటు కాడ ఆపి, బ్యాగు విప్పించి, టిఫిన్ డబ్బా గూడ తెరిపించిండ్రు. వాని ముందునుంచే హెల్మెట్లు, లైట్లు పెట్టుకొని ఖరీదైన సైకిళ్ల మీద నలుగురు పోయిండ్రు. వాళ్లను ఎవరూ ఆపలే. వాళ్ల మీద మాకు కోపం లేదు. వాళ్లు ఎట్ల పోయిండ్రో మనోడు గూడ అట్ల పోవాలె అంటున్నం, అంతే.

మా చుట్టుపక్కల రోడ్లు చూసినా ఇదే సంగతి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మా పక్కకెళ్లే పోతది. దాని మీద సైకిల్‌కు, బైకుకు ప్రవేశం లేదు, సర్వీసు రోడ్డే గతి. అటు నార్సింగి, నానక్‌రామ్‌గూడ దిక్కు 2023 అక్టోబర్ 1న పైన సోలార్ పలకలు కప్పిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మొదలైంది. మంచిదే. కానీ మా దిక్కు పొద్దుమాపు డ్యూటీకి సైకిల్ తొక్కేటోళ్లకు లారీల పక్కన తెల్లగీతే ట్రాక్.

ఇక మా రూముల లేసిన అభ్యంతరాలు ఒక్కొక్కటి చెప్తం. ఇవన్నీ మొదట మేమే అన్నం.

"ప్రమాదం కదా?" అవును, ప్రమాదమే. దీన్ని తక్కువ చెయ్యం. హైవే మీద పొగమంచుల లారీకి సైకిల్ కనబడదు. అందుకే తెల్లారినంకనే ఎక్కాలె, పొద్దుగూకకముందే దిగాలె. ఎనుక ఎర్ర లైటు, మడ్‌గార్డుకు, పెడల్‌కు మెరిసే టేపు, నెత్తికి హెల్మెట్, ఒంటి మీద కొట్టొచ్చే రంగు అంగీ. పుష్య మాసంల ఎండ కొట్టదు కానీ ఉత్తరం దిక్కు పోతుంటే చల్లగాలి ఎదురుగ వస్తది. 70 అనుకున్నది 50 కాడనే ఆగొచ్చు. ఆదిలాబాద్ చలి గురించి ఆ జిల్లావోళ్లకు మేం చెప్పే పని లేదు. నిర్మల్ దాటినంక చడావుల గేర్లు లేని సైకిల్ దిగి నడిపించాలె, దాంట్ల నామోషీ ఏం లేదు. సీటు కిందికి ఉంటే మోకాళ్లు పోతయి, కాలు కిందికి పోయినప్పుడు దాదాపు సాపుగ అయ్యేటట్టు లేపుకోవాలె. రెండు ట్యూబులు, పానా, సొల్యూషన్, చిన్న పంపు, చైనుకు నూనె. పంక్చర్ ఏసుడు రానిదే పంపం అన్నం. ఇప్పుడు వాడు పావుగంటల ఏస్తుండు, మమ్మల్నే ఎక్కిరిస్తుండు.

"అయిదు రోజులు వేస్టు. ఆ టైంల గ్రూప్స్ చదువుకోవచ్చు." మేము ఏండ్లసంది చదువుతనే ఉన్నం అన్నా. అయిదు రోజులతోని పోయే ఉద్యోగం అట్లగూడ రాదు. మన మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేండ్లకే ఎవరెస్టు ఎక్కినప్పుడు ఎవరన్నా ఆ రోజులు వేస్టు అన్నరా? నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ. ఆమెతోని ఖమ్మం తమ్ముడు ఆనంద్ కుమార్ గూడ ఎక్కిండు. అప్పుడు మన హాస్టళ్లల్ల గోడల మీద పోస్టర్లు పెట్టుకున్నం. కానీ ఒకటి గుర్తు పెట్టుకోవాలె. వాళ్ల ఎనుక గురుకుల సొసైటీ ఉంది, భువనగిరి గుట్ట మీద శిక్షణ ఉంది, డబ్బు ఉంది. ఆ అదృష్టం అందరికీ రాదు. సైకిల్ అట్ల కాదు. మన దగ్గర ఉన్న సైకిల్‌తోనే, టోల్ లేకుండ, పెట్రోల్ లేకుండ, ఏ ఆఫీసర్ సంతకం లేకుండ బయలుదేరొచ్చు. ఎంపిక కానోడు గూడ పోగలిగే యాత్ర ఇదొక్కటే.

"పోతే పోనీ, ఒక్కడే ఎందుకు? ఇద్దరన్నా పోండ్రి." మేమూ ఇదే అడిగినం. వాడు చెప్పింది వినండి. "అన్నా, హాస్టల్ల యాభై మందిమి, రూముల తొమ్మిది మందిమి, కంపెనీల లైన్ల రెండు వందల మందిమి. పుట్టినకాన్నుంచి నేను ఒక్కన్నే ఎటూ పోలే. బ్యాంకుకు పోయినా ఎవరో తోడు. ఒక్కసారి నేనే దారి అడిగి, నేనే జాగ అడిగి, నేనే ఇంటికి పోత." దీని మీద ఎవ్వరికి మాట రాలే. కొత్త మనిషితోని మాట్లాడాలంటే మనం ఎంత భయపడతమో, ఇంటర్వ్యూల గొంతు ఎట్ల ఎండుకపోతదో మనకందరికీ ఎరికే. నలుగురు పోతే నలుగురే మాట్లాడుకుంటరు. ఒక్కడు పోతే దారి పొంటి ఊర్లతోని మాట్లాడాలె, తప్పదు.

ఒడిశాల పుట్టిన దళిత చిత్రకారుడు పి.కె. మహానందియా కథ మీల చాలమందికి తెలిసే ఉంటది. 1977ల ఢిల్లీల సైకిల్ ఎక్కి, అఫ్ఘానిస్తాన్, ఇరాన్, టర్కీ మీదికెళ్లి యూరప్ చేరి, తను ప్రేమించిన షార్లెట్ కోసం స్వీడన్ పోయిండు. దారిల బొమ్మలు గీసి తిండి సంపాదించుకున్నడు. బడిల అంటరానితనం చూసిన మనిషి, పరాయి దేశాల రోడ్ల మీద ముక్కు మొఖం తెలియనోళ్ల ఇండ్లల్ల కలిసి తిన్నడు. ఆ మాట మాకు ప్రేమ కథ కంటె పెద్దగ అనిపిస్తది.

ఇక జాతర సంగతి గోండు మిత్రులకు మేం చెప్పేది కాదు. అయినా వేరేటోళ్ల కోసం రాస్తున్నం. నాగోబా పూజకు గంగాజలం తెచ్చేందుకు మెస్రం వంశపోళ్లు కేస్లాపూర్ నుంచి జన్నారం మండలం కలమడుగు కాడ గోదారి హస్తినమడుగు దాకా ఇప్పటికీ కాలినడకన పోయి వస్తరు. బస్సులు లేక కాదు, జీపులు లేక కాదు. నడిచి తెస్తేనే అది మొక్కు. తమ్ముడు వాళ్ల నాయనకు రెండోసారి ఫోన్ చేసినప్పుడు ఈ మాటనే అన్నడు: "బాపూ, పైసల్లేక కాదు. వాళ్లు నడిచి తెచ్చినట్టు నేను తొక్కి వస్త." ఆయన చానసేపు ఏమీ అనలే. "మీ అమ్మతోని మాట్లాడి చెప్త" అని పెట్టేసిండు. ఇంకా సరే అనలే.

ఆయన సరే అనకుంటే తమ్ముడు పోడు. ఇది వాని మాట, మా మాట గూడ. మన కోసం పూట తిని పూట మానిన తల్లిదండ్రులను ఏడిపించి పొయ్యే యాత్ర మనకొద్దు. కానీ ఆయనకు అర్థమయ్యేటట్టు చెప్పే బాధ్యత పెద్దోళ్లమైన మనది. వచ్చే ఆదివారం మాల ఇద్దరం ఇంద్రవెల్లి పోతున్నం. బస్సులనే.

ఇంకొక మాట. పోస్టు రాస్తుంటే మా పక్క రూము లంబాడా చెల్లె అడిగింది: "అన్నా, ఇదే నేనంటే గిట్లనే పోస్టు రాస్తుంటిరా?" నిజం చెప్తున్నం, రాయకపోదుం. ఆమె అడిగినంక తలకాయ దించుకున్నం. కాబట్టి ఇప్పుడే ఇక్కడ రాసి పెడుతున్నం. వచ్చే ఏడాది ఆమె పౌరాగఢ్ అన్నా, సమ్మక్క అన్నా, నల్లమల అన్నా, ఇదే గ్రూపు ఆమె కోసం గూడ నిలబడాలె. రోడ్డు ఆడపిల్లకు ఎక్కువ ప్రమాదం అన్నది నిజమే. దానికి జవాబు ఆమెను ఆపుడు కాదు, దారి పొంటి మన ఇండ్లు ఎక్కువ చేసుడు.

ఇప్పుడు మీతోని పని. పైసలు వద్దు. బ్యానర్ వద్దు, టీ షర్ట్ మీద ఎవరి ఫొటో వద్దు. వాడు ఎక్కడున్నడో రోజూ గ్రూపుల పెట్టం, క్షేమంగ చేరినంకనే రాస్తం. మాకు కావాల్సింది అయిదు రాత్రులు అయిదు కప్పులు. మేడ్చల్, తూప్రాన్, కామారెడ్డి, ఆర్మూర్, నిర్మల్, ఇచ్చోడ దిక్కు మనోళ్లు ఎవరన్నా ఉంటే, తండా గావచ్చు, గూడెం గావచ్చు, హాస్టల్ రూము గావచ్చు, ఒక రాత్రి పండుకోను జాగ, పొద్దున ఇంత గట్క పెట్టగలిగితే చాలు. కింద కామెంట్ల నంబర్లు పెట్టకండి, అడ్మిన్లకు విడిగా మెసేజ్ చెయ్యండి. ఫలానా రోడ్డు ఆగమైంది, ఫలానా కాడ రాత్రి ఆగొద్దు అని తెలిసినోళ్లు అది గూడ చెప్పండి.

నవ్వాలనిపించినోళ్లు నవ్వండి, మేమూ నవ్వినోళ్లమే. కాకపోతే నవ్వినంక ఒక్కసారి మీ ఇంట్ల మూలకు ఒరిగి ఉన్న సైకిల్ దిక్కు చూడండి. గాలి ఉందో లేదో నొక్కి చూడండి.

జోహార్.

మంఖాల్ రూము మిత్రులు